కాటా ముల్లు

కొండపి దాటాక ఎడంపక్క రెండో బ్యారన్.
పైనించి రెండో వరస నాది.
చెరో దూలం మీద చెరో కాలు.
కింద నించి ఏసోబు మామ అందించే ఆకుకర్రను
నడుములోంచి లాక్కుని
తలమీది కెత్తి పైవాడి కివ్వాలి.
పచ్చాకు. బరువు. జిగురు.
ఆరొందల దాకా లెక్కపెట్టి ఆపేశాను,
లెక్క కూడా ఒక బరువే గనక.

దిగుతుంటే నిచ్చెన వణికిందనుకున్నా.
నిచ్చెన కాదు, కాళ్లు.
రాహేలమ్మత్త ఇచ్చిన టీ
సగం నా చొక్కా తాగింది.
"కొత్త చేతులు" అందామె, ఇంకెవరికో చెబుతున్నట్టు.

పొయ్యి పక్కన వేలాడుతుంటుంది
కట్టెలు తూచే స్ప్రింగు కాటా.
పొద్దున సరదాకి దాని కొక్కేన్ని
కుడిచేత్తో కిందికి లాగితే
ముల్లు నలభై రెండు దగ్గర ఆగింది.
ఇప్పుడు లాగాను. ఇరవై మూడు.
మిగతా పందొమ్మిది కిలోలూ
ఆకుతోపాటు పైవరసలో వేలాడుతున్నాయన్నమాట.

టీ అయ్యాక ముప్పై.
ఒక బీడీ కాలేంతలో ఏడు కిలోలు
ఎవరో తెచ్చి భుజంలో పెట్టిపోయారు.
రాత్రికి మొత్తం వచ్చేస్తుందని
అప్పిచ్చినవాడిలా కూచున్నా.
అన్నం తిన్నాక ముప్పై మూడు.
అక్కణ్ణించి ముల్లు మొండికేసింది.

రెండోరోజు ఒళ్లు నాది కాదు.
తొడలు రెండూ వేరే ఊరి మనుషులు,
నేనేం చెప్పినా మొహమొహాలు చూసుకున్నాయి.
చెంబు పట్టుకుని చేలోకి పోయి
కూచున్నవాణ్ణి లేవలేక
కందికంప పట్టుకున్నా.
కాటా ముప్పై ఒకటి అంది.
"పడుకుని లేచినోడికి తగ్గడమేంది మామా?"

ఏసోబు మామ పొయ్యిలోకి మొద్దు తోశాడు.
"చూరిప్పి కొత్తగా కప్పేటప్పుడు
ఇంట్లోకి ఎండ రాదంట్రా అబ్బయ్యా!"
తర్వాత గాజుకిటికీలోంచి ఆకు చూడమన్నాడు.
పచ్చ వదిలి పసుపెక్కుతోంది.
"రంగు బిరానే తిరుగుద్ది.
మధ్యలో లావుపాటి ఈనె ఉందే, అది ఆఖరు.
అది ఆరకముందే పొయ్యి ఆర్పినోడు అప్పులపాలే."

నన్ను ఆడవాళ్లలో కూచోబెట్టి
కర్రలకు ఆకు అల్లించారు ఆ వారమంతా.
మామ మాత్రం పక్క బ్యారన్ నింపడానికెళ్లాడు.

మూడోరోజుకి నొప్పి తగ్గింది, బలం రాలేదు.
అవి రెండూ ఒకటి కాదని అప్పుడు తెలిసింది.
నవ్వగలను, అల్లగలను,
అత్త నెత్తిమీది బిందె అందుకోబోతే
మోచెయ్యి సగందారిలో సంగతి మర్చిపోయింది.
ముప్పై ఆరు.
నాలుగోరోజు ముప్పై తొమ్మిది.
ఆదివారం అత్త ప్రార్థనకి పోతే
అన్నంలో రెండు గుడ్లు కలుపుకు తిని
పొద్దుగూకేదాకా నిద్రపోయాను.
ఎవరో నా లోపల చప్పుడు లేకుండా
తెగినచోటల్లా నార పేనుతూ కూచున్నారు.
కూలి అడగలేదు.

ఆరోరాత్రి పొయ్యి ఆర్పి తలుపులు బార్లా తీశారు.
ఎండాకు ముట్టుకుంటే పొడైపోద్ది,
మంచు తాగాలి, మెత్తబడాలి, అప్పుడే దించేది.
ఆకు దగ్గర ఎంత ఓపికో షావుకారికి!

తెల్లారగట్ల, చెమ్మవాసనలో, కాటా లాగాను.
నలభై మూడు.
మళ్లీ లాగాను. నలభై మూడే.
ఈ ఒక్క కిలో ఎక్కడిది?
నేను దాచింది కాదు,
ఏ పద్దులోనూ రాసింది కాదు.

"నువ్వు లాగు మామా" అన్నా సంబరంగా.
తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని లాగాడు.
ఇరవై ఎనిమిది.
"అదేంది, ఇంకా పనే మొదలుపెట్టలా గదా!"
"నాకు పొద్దున్నే ఇంతేరా.
ముప్పయ్యేళ్ల నించి, ఐదోరోజు దాకా
నన్నెవడు కూచోనిచ్చాడు?"

అని, లోపలికి పోయి
కింది వరసలో కర్ర ఒకటి దించి నాకిచ్చాడు.
రెండు చేతులా అందుకున్నా.
తేలిగ్గా ఉంది.
ఎండాకు గదా.